ఎనభై ఏడో పత్రం

ఇంటి నుంచి, ఆదివారం
జనవరి 11

ఒసే పెన్సిలూ,

నీ కొత్త గది అడ్రసు ఆ చింపిరి కాగితం మీద రాసి పంపావు చూడు, దాన్ని చదవడానికి నా కళ్లజోడూ మీ బావ కళ్లజోడూ రెండూ కావలసి వచ్చాయి. చిన్నప్పుడు జడలో పెన్సిలు గుచ్చుకుని ఊళ్లో వాళ్ల ఫారాలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపిన పిల్లవేనా నువ్వు? నాలుగేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసేసరికి చేతిరాత కూడా పెద్దాఫీసరు చేతిరాత అయిపోయింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ" అనడం తప్ప ఏమంటావు? ఉత్తరమైతే నా మాట పూర్తయ్యేదాకా ఎవరూ పెట్టేయరు.

ఇక్కడి సంగతి విను. మీ బావ చేసిన ఘనకార్యం చెప్పాలి. మన మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తానని ఏడాదిగా అంటున్నాడు కదా. పోయిన వారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పెట్టించేశాడు. సంతోషించి పైకెక్కి, వెనక లేబులు చూశాను. విదేశీ సరుకు! పదకొండేళ్లుగా ప్యానెల్ ఫ్యాక్టరీలో టెస్టింగ్ గదిలో కూర్చుని, ఒక్కో ప్యానెల్‌నీ దీపం కింద పెట్టి, ఎన్ని వాట్లు వచ్చిందో రిజిస్టరులో రాసి, వెనక నా చేత్తో లేబులు అంటించే మనిషి ఇంటి మీద ఎవరో అంటించిన లేబులు. అడిగితే "సుంకం కట్టిన తరవాత కూడా మీ సరుకు కంటే చవక" అన్నాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు ఫ్యాక్టరీ బస్సు ఎక్కక తప్పలేదు, దాన్ని నడిపేది ఆయనేగా.

అసలు సంగతి ఏమిటంటే, ఆ సుంకాన్నే మళ్లీ చూస్తారట. అయిదేళ్లు నిండుతున్నాయట. మా మేనేజరు తాళాలాయన (ఎప్పుడూ తాళాల గుత్తి తిప్పుతూ ఉంటాడని ఆ పేరు) నిన్న అందరినీ నిలబెట్టి, "సుంకం తీసేస్తే ఈ గేటుకి తాళం వేయడం ఖాయం" అన్నాడు. రెండు వందల నలభై మందిమి. మూడు లైన్లలో ఒకటి ఇప్పటికే మూతపడి ఉంది. గుండెల్లో రాయి పడింది.

నీ ఆఫీసు చేసేది ఈ పనే కదా? ఆ సుంకం ఉంచడం, తీయడం ఎవరి చేతిలో ఉంటుందో కాస్త రాయి.

మీ అక్క

*

గది నెంబరు 9, ఉద్యోగినుల హాస్టలు
జనవరి 24

అక్కా,

ముందు బావకి నా జోహార్లు చెప్పు. నీతో నాలుగు రోజులు మాటలు లేకుండా బతికినవాడు మామూలు మనిషి కాడు.

మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. ఒక కిటికీ ఉంది, అది తెరుచుకోదు. గోడలన్నీ ఇనుప బీరువాలే. నా బల్ల మీద ప్రస్తుతం మేకులున్నాయి. అంటే నిజం మేకులు కావు, మేకుల మీది సుంకం ఫైలు. పొడవును బట్టి, మందాన్ని బట్టి, తల ఆకారాన్ని బట్టి మేకులెన్ని రకాలో ఇప్పుడు నన్నడిగితే చెబుతాను. నిద్రలో లేపి అడగొద్దు.

నువ్వడిగింది ఇదీ. కొన్ని దేశాల్లో ప్రభుత్వమే ఫ్యాక్టరీలకు చవగ్గా అప్పులిస్తుంది, స్థలం ఇస్తుంది, సగం ధరకు కరెంటిస్తుంది. అందుకే ఆ సరుకు మన వాళ్ల తయారీ ఖర్చు కంటే తక్కువ ధరకు వచ్చి పడుతుంది. దానికి విరుగుడుగా అదనపు సుంకం వేస్తారు. కాని అది శాశ్వతం కాదు. అయిదేళ్లు నిండగానే రెండు ప్రశ్నలు మళ్లీ అడగాలి. ఆ ప్రభుత్వ సాయం ఇంకా అందుతోందా? సుంకం తీసేస్తే ఆ సరుకు మళ్లీ విరుచుకుపడి ఇక్కడి ఫ్యాక్టరీలను దెబ్బతీస్తుందా? రెండింటికీ అవునని తేలితేనే సుంకం ఉంటుంది. ఒక్కదానికి కాదన్నా పోతుంది. మీ ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, తెప్పించేవాళ్లు, బిగించేవాళ్లు, బావలాగా కొనుక్కునేవాళ్లు అందరూ తమ మాట రాసి పంపవచ్చు. మీ వాళ్ల జవాబులు నిజమో కాదో చూడడానికి మనుషులు వచ్చి రిజిస్టర్లు తిరగేస్తారు.

మా ఆఫీసులో ఒక తమాషా చెప్పనా? మా పక్క బల్లాయనకు ఒక మేకుల ఫ్యాక్టరీ యజమాని తన కూతురి పెళ్లి కార్డు పంపాడు. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర కొట్టి, నెంబరు వేసి ఫైల్లో పెట్టేశాడు. మేకుల కేసులో ముప్ఫై ఒకటో పత్రం! రూలు అలాగే ఉంది మరి. కేసు నడుస్తున్నంత కాలం అందులో ఉన్నవాళ్ల నుంచి మాకు ఏ కాగితం వచ్చినా, ఇంటికొచ్చినా సరే, రెండు రోజుల్లో ఫైల్లో పడాలి. ఆ ఫైలు కింది అంతస్తు గదిలో ఉంటుంది, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. ఆ పెళ్లికూతురు ఏ రోజు, ఎన్ని గంటలకు పెళ్లి చేసుకుందో ఇప్పుడు మేకులు కొనే ప్రతివాడూ చదువుకోవచ్చు.

మోకాలికి పట్టీ వాడుతున్నావా, బీరువాలో దాచావా?

పెన్సిలు

*

టెస్టింగ్ గది, టీ విరామం
ఫిబ్రవరి 15

ఏమే మేకుల ఆఫీసరూ,

పెళ్లి కార్డు సంగతి చదివి పగలబడి నవ్వాను. మీ బావకు చదివి వినిపిస్తే ఆయన "అయితే వీళ్ల భోజనాలకు ఎవరూ వెళ్లలేదన్నమాట" అని బాధపడ్డాడు.

మా ఫ్యాక్టరీకి మీ వాళ్ల ప్రశ్నావళి వచ్చింది. పరుపంత ఉంది. తాళాలాయన దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చాడు. ఏ లైను మీద ఏ నెలలో ఎన్ని ప్యానెళ్లు తయారయ్యాయి, ఎన్ని పరీక్షలో పోయాయి, ఎన్ని వెనక్కొచ్చాయి, అన్నీ రాయాలట. ఆ లెక్క ఎవరి దగ్గరుంది? నా దగ్గర. పదకొండేళ్ల రిజిస్టర్లు, పదకొండూ నా చేతిరాతే. ఇన్నాళ్లూ ఈ గదివైపు తొంగి చూడనివాళ్లు ఇప్పుడు నాకు విడిగా కుర్చీ వేసి, దాని మీద మెత్త కూడా వేశారు. నీ అక్క గొప్పదైపోయిందని గ్రహించు.

నవ్వుతూ రాస్తున్నానే కాని లోపల దిగులుగానే ఉంది. నాకు నలభై ఎనిమిదేళ్లు. ఈ దీపం కింద వాట్లు చూడడం తప్ప ఇంకో పని రాదు. గేటు మూస్తే బస్సూ ఆగుతుంది, మీ బావ కూడా ఇంట్లోనే. ఇద్దరం మేడెక్కి ఆ విదేశీ ప్యానెళ్లను చూస్తూ కూర్చోవాలి.

పట్టీ వాడుతున్నాను. నీ మీద ఒట్టు కాదు, మీ బావ మీద ఒట్టు.

అక్క

*

హాస్టలు
ఫిబ్రవరి 27

అక్కా,

పని ఎక్కువగా ఉంది, అందుకే నాలుగు ముక్కలే. నన్ను వేరే బల్లకు మార్చారు.

ఒక్క మాట. కొన్నాళ్లు ఫ్యాక్టరీ సంగతులేవీ నాకు రాయకు. ప్రశ్నావళి సంగతి అసలే వద్దు. ఎందుకని అడగకు. నీ ఆరోగ్యం, ఇంటి సంగతులు రాయి. అవి చాలు నాకు.

బావని అడిగానని చెప్పు.

పెన్సిలు

*

ఇంటి నుంచి
మార్చి 12

పెన్సిలూ,

ఫ్యాక్టరీ సంగతులు రాయొద్దంటే నాకింక రాయడానికేం మిగిలిందే? మోకాలు, మీ బావ. రెండూ నొప్పే. ఈ వారం మోకాలు కాస్త నయం.

కోపం తెచ్చుకోకు. అడగొద్దన్నదే అడుగుతున్నాను. గత్యంతరం లేదు, వచ్చే వారానికల్లా ఆ ప్రశ్నావళి పంపేయాలి.

అందులో పద్నాలుగో పట్టిక ఉంది. ఏదైనా లైను మూసి ఉంటే కారణం రాయమన్నారు. మా మూడో లైను రెండేళ్ల క్రితం జూలైలో మూతపడింది. "విదేశీ దిగుమతుల వల్ల" అని రాయమని తాళాలాయన నన్ను కూర్చోబెట్టాడు. నా కలం కదలలేదు. ఎందుకంటే ఆ లైను మూతపడింది దిగుమతుల వల్ల కాదు. గాజునీ, సెల్లులనీ, వెనక షీటునీ కలిపి వేడి మీద అతికే లామినేటరు ఉంటుంది కదా, దాన్ని ఎక్కడో పాతది కొనుక్కొచ్చారు. ఎడమవైపు హీటరు పోయింది. ప్యానెళ్లలో ఎడమ అంచున తెల్ల బుడగలు. నేను రాసి రాసి చెప్పాను. ఎవరూ వినలేదు. ఆరు వందల పన్నెండు ప్యానెళ్లు కొన్నవాళ్లు వెనక్కి పంపారు. బాగుచేయించమంటే యజమానికి మనసొప్పలేదు, లైనే ఆపేశాడు. తేదీలతో సహా అంతా నా రిజిస్టరులో ఉంది.

మీ బావ కూడా ఆ బుడగల కథ విన్నాకే విదేశీ ప్యానెళ్లు కొన్నాడని మొన్న ఒప్పుకున్నాడు. చవకొక్కటే కారణం కాదట. సిగ్గుతో చచ్చిపోయాను.

అలాగని తాళాలాయన చెప్పేదంతా అబద్ధమూ కాదు. సుంకం రాకముందు ఏడాదిలో నాలుగు నెలలు ఒక్క ఆర్డరు లేక ఊరికే కూర్చున్నాం. అది నిజం. కాని మూడో లైను సంగతి నిజం కాదు. ఇప్పుడా గడిలో ఏం రాయాలి? అబద్ధం కాకుండా, గేటూ మూతపడకుండా, మంచి మాటల్లో రాయడానికి దారేదైనా ఉందా? మీ వాళ్లు వచ్చినప్పుడు అన్ని రిజిస్టర్లూ అడుగుతారా, ఒకటి తక్కువైతే పట్టుకుంటారా? నీకు తెలియంది కాదు. ఊళ్లో అందరి ఫారాలూ నింపావు. అమ్మ పోయాక నిన్ను పెంచింది నేనే కదా, ఈ ఒక్కటీ చెప్పు.

ఇంట్లో సబ్బులు కూడా దాచుకునే అలవాటు నీకు ఇంకా పోలేదా? మొన్న నీ పాత పెట్టెలో మూడు దొరికాయి. ఏడ్చాను, నవ్వాను.

అక్క

*

సుంకాల సమీక్ష కార్యాలయం
మార్చి 19

శ్రీమతి టెస్టింగ్ విభాగపు ఉద్యోగిని గారికి,

మార్చి 12న మీరు రాసిన లేఖ అందినది. అందులో సోలార్ ప్యానెళ్ల దిగుమతి సుంకం సమీక్షకు సంబంధించిన విషయాలు ఉన్నందున దానిని దస్త్రంలో 87వ పత్రంగా చేర్చడమైనది. వ్యక్తిగత విషయాలు మినహా మిగిలిన భాగం ప్రజల పరిశీలనకు అందుబాటులో ఉంటుంది. సమీక్ష ముగిసేవరకు ఈ విషయమై ఏమి రాయదలచినా కార్యాలయ అధిపతికి మాత్రమే రాయవలసినదిగా కోరడమైనది.

ఇట్లు,
అధికారి

*

టెస్టింగ్ గది
ఏప్రిల్ 6

సుంకాల సమీక్ష కార్యాలయం అధిపతి గారికి,

నమస్కారం. ఆఫీసుకు ఉత్తరం రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

మీ ఫైల్లో ఎనభై ఏడో పత్రం నేను రాసిందే. దాని నకలు నిన్న మా మేనేజరు గారు నా ముందు పెట్టి, "ఇది నీ చేతిరాతేనా" అని అడిగారు. అవునన్నాను. మీకూ అదే చెబుతున్నాను.

మూడో లైను మూతపడింది లామినేటరు పాడై. అందులో రాసిన తేదీలు, సంఖ్యలు నిజం. పద్నాలుగో పట్టికలో మా ఫ్యాక్టరీ వాళ్లు వేరే కారణం రాసి పంపారు. అది రాసింది నేను కాదు.

అయితే మరో మాట కూడా చూడమని వేడుకుంటున్నాను. సుంకం రాకముందు సంవత్సరం నా రిజిస్టరులో నాలుగు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఒకటో లైను మీద, రెండో లైను మీద యంత్రాలన్నీ బాగానే ఉన్నాయి. మనుషులూ ఉన్నారు. ఆర్డర్లు లేవు. రోజూ వచ్చి, తేదీ వేసి, "పని లేదు" అని రాసి సంతకం పెట్టి వెళ్లాను. సుంకం వచ్చిన మూడో నెల నుంచి పేజీలు మళ్లీ నిండాయి. బుడగల పేజీలు నమ్మితే ఈ ఖాళీ పేజీలు కూడా నమ్మండి. రెండూ ఒకే చేతిరాత. మీ వాళ్లు వచ్చిన రోజున పదకొండు రిజిస్టర్లూ బల్ల మీద పెడతాను. ఒకటి కూడా తగ్గదు.

చివరగా, ఆ ఉత్తరం ఎవరికి రాశానో ఆ అధికారి నా చెల్లెలు. ఆమె నాకు ఏ సలహా ఇవ్వలేదు. ఈ కేసు ఆమె బల్ల మీద ఉందని కూడా నాకు చెప్పలేదు. తెలిసి ఉంటే నేను ఆ ఉత్తరం రాసేదాన్నే కాదు.

ఇట్లు,
టెస్టింగ్ విభాగం ఉద్యోగిని

*

హాస్టలు
సెప్టెంబరు 8

అక్కా,

నిన్న సాయంత్రం అయిదింటికి సమీక్ష ముగిసింది. ఇప్పుడు నీకు ఏం రాసినా ఎవరి ఫైల్లోనూ పడదు. ఆరు నెలల్లో నువ్వు నాకు ఒక్క ముక్క రాయలేదు. రాయొద్దని చెప్పింది నేనే అయినా, రోజూ కింద టపా పెట్టె చూసుకుంటూనే ఉన్నాను. కళ్లు కాయలు కాచాయి.

సుంకం ఇంకో అయిదేళ్లు ఉంటుంది. ఆ దేశం అప్పులూ, చవక కరెంటూ ఇంకా ఇస్తూనే ఉందని తేలింది. తీసేస్తే సరుకు మళ్లీ వచ్చి పడుతుందనీ తేలింది. తీర్పు కాగితంలో మీ ఫ్యాక్టరీ గురించి ఒక పేరా ఉంది, అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఒక ఉత్పత్తిదారు మూడో లైను మూతకు దిగుమతులే కారణమని చెప్పినది వాస్తవం కాదు. ఆ భాగాన్ని పరిగణన నుంచి తొలగించడమైనది. అయితే అదే సంస్థ టెస్టింగ్ విభాగపు రిజిస్టర్లను పరిశీలించగా, సుంకం లేని కాలంలో మిగిలిన రెండు లైన్లపై ఉత్పత్తి నిలిచిపోయినది వాస్తవమని తేలినది. తనకు నష్టం కలిగించే వివరాన్ని కూడా దాచని రిజిస్టరు కాబట్టి మిగిలిన వివరాలను నమ్మదగినవిగా భావించడమైనది."

ఆ పేరా నా బల్ల దగ్గర రెండుసార్లు చదువుకున్నాను. నాది మళ్లీ మేకుల బల్లే. నీ ఉత్తరం పెద్దాఫీసరు గారి చేతిలో పెట్టిన రోజే నన్ను సోలార్ కేసు నుంచి తప్పించారు.

నీ ఉత్తరం నా గదికి వచ్చింది. ఎవరూ చూడలేదు. చింపేస్తే అడిగేవాళ్లు లేరు. రెండు రోజులు టిఫిను డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లాను, వెనక్కి తెచ్చాను. మూడో రోజు పొద్దున ఇచ్చేశాను. ఇచ్చినందుకు నిన్ను క్షమించమని అడగను అక్కా. ముందే నీకు నోరు తెరిచి చెప్పనందుకు అడుగుతాను. "ఎందుకని అడగకు" అని రాశాను. ఎందుకో రాసి ఉండాల్సింది.

నువ్వెలా ఉన్నావు? పనిలో ఉన్నావా?

పెన్సిలు

*

ప్యాకింగ్ షెడ్డు
సెప్టెంబరు 20

అధికారి గారికి,

అని మొదలుపెడదామనుకున్నాను. చేయి రాలేదు. ఒసే పెన్సిలూ.

పైన ఎక్కణ్ణుంచి రాస్తున్నానో చూశావుగా. ఉద్యోగం పోలేదు. నన్ను తీసేస్తే మీ ఆఫీసు వాళ్లు ఏమనుకుంటారోనని భయం. రిజిస్టరు మాత్రం వేరే ఆవిడకిచ్చారు. నేను ఇప్పుడు ప్యానెళ్ల మూలలకు అట్టలు తొడిగి పెట్టెల్లో పెడుతున్నాను. నిలబడి చేసే పని. మెత్త వేసిన కుర్చీ ఎటు పోయిందో తెలియదు. మోకాలి సంగతి అడగకు.

నువ్వు పంపిన ఆ నాలుగు లైన్ల ఉత్తరం ఉంది చూడు, "మీరు", "కోరడమైనది", దాన్ని చదివి మూడు రోజులు అన్నం సహించలేదు. నా చేత్తో తల దువ్విన పిల్ల నన్ను "శ్రీమతి" అంటుందా? మీ బావ "ఆఫీసులో ఎవరో రాసిచ్చి ఉంటారులే" అన్నాడు. నాకు తెలుసు, నువ్వే రాశావు. అంత పొందికగా తిట్టకుండా తిట్టడం ఇంకెవరికీ రాదు.

తరవాత తాళాలాయన నకలు తెప్పించాడు. నా ముందు పెట్టినప్పుడు మొదటిసారి ఆయన చేతిలో తాళాల చప్పుడు ఆగింది. నా ఉత్తరమే, కాని మధ్య మధ్యలో నల్ల పట్టీలు. చూడగానే నాకు అర్థమైంది, ఏ పట్టీ కింద ఏముందో. "మోకాలు, మీ బావ, రెండూ నొప్పే" పులిమేశావు. సబ్బుల సంగతి పులిమేశావు. నేను ఏడ్చానన్నది కూడా పులిమేశావు. మీ బావ విదేశీ ప్యానెళ్లు కొన్నది మాత్రం పులమలేదు! ఇప్పుడు బస్సెక్కే ప్రతివాడూ "ఏం సార్, మేడ మీద ఎండ ఎలా ఉంది" అని అడుగుతున్నాడు. ఆయన ముందు సిగ్గుపడ్డాడు, ఇప్పుడు "బుడగల్లేవు" అని జవాబిస్తున్నాడు.

నన్ను అడిగితే, నువ్వు చేసింది తప్పని అనలేను. మీ వాళ్లు వచ్చిన రోజు పదకొండు రిజిస్టర్లూ బల్ల మీద పెట్టినప్పుడు నా చేతులు వణకలేదు. ఒకవేళ నువ్వు ఆ ఉత్తరం చింపేసి, ఏ పేజీలు దాచాలో నాకు రాసి ఉంటే, ఆ రోజు వణికేవి. అది ఒప్పుకుంటాను. ఇంకో సంగతి, లామినేటరుకు హీటరు తెప్పించారు. రెండేళ్లు నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే రానిది, మీ తీర్పు కాగితంలో పడ్డాక ఎనిమిది రోజుల్లో వచ్చింది. వచ్చే నెల మూడో లైను నడుస్తుందట.

కాని ఒకటి నా మనసులోంచి పోవడం లేదు. దానికి మాత్రం జవాబు చెప్పు. "అమ్మ పోయాక నిన్ను పెంచింది నేనే కదా" అన్న మాట ఎందుకు పులమలేదు? మోకాలు నా సొంత విషయం, సబ్బులు సొంత విషయం, ఇది కాదా? తాళాలాయన దాన్ని గట్టిగా చదివాడు, నలుగురి ముందు. పెంపకాన్ని అడ్డం పెట్టుకుని పని చేయించుకోబోయిన మనిషిలా నిలబడ్డాను. నిన్ను పెంచింది ఎప్పుడైనా ఎత్తి చూపించానా? జీవితంలో ఒక్కసారి రాశాను, దాన్ని ఊరందరికీ చూపించావు.

అక్క

*

హాస్టలు
సెప్టెంబరు 27

అక్కా,

పులమడం నా చేతుల మీదే జరిగింది. పెద్దాఫీసరు గారు నల్ల సిరా సీసా ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి, "సొంత విషయాలేవో నీకే తెలుస్తాయి, నువ్వే పులుము" అన్నారు. బావ ప్యానెళ్లు నేను పులిమితే ఆయన ఆపారు, అది ధరల విషయమట. నువ్వడిగిన వాక్యం దగ్గర మాత్రం ఆయనే "ఇది పులమొచ్చు" అన్నారు. నేనే వద్దన్నాను.

ఎందుకో నీకు ఇంతవరకు చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు.

సోలార్ కేసు నాకిచ్చిన రోజు ఒక ఫారం నింపమన్నారు. నాలుగే గడులు. మూడో గడిలో, ఈ పరిశ్రమలో పనిచేసే దగ్గరి బంధువులెవరైనా ఉన్నారా అని ఉంది. ఉన్నారంటే కేసు ఇవ్వరు. నాలుగేళ్లుగా మేకులు, తీగలు, డబ్బా మూతలు. ఇంత పెద్ద కేసు మళ్లీ రాదేమో అనిపించింది. టెస్టింగ్ గదిలో రిజిస్టరు రాసే మనిషి పరిశ్రమ కిందికి వస్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ గడిలో "లేరు" అని రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలతోనే రాశాను.

పద్నాలుగో పట్టికలో నీ కలం కదలలేదని రాశావు. నా కలం కదిలింది అక్కా. అందుకే నీ ఉత్తరాన్ని రెండు రోజులు డబ్బాలో మోశాను. అది ఇస్తే నా ఫారం కూడా బయటపడుతుంది. పడింది. నా సర్వీసు పుస్తకంలో ఒక మచ్చ పెట్టారు, రెండేళ్లు ప్రమోషను లేదు. అది న్యాయమే.

సిరా కుంచె పట్టుకుని ఆ వాక్యం దాకా వచ్చాను. ఒకసారి నువ్వు లేవని రాసి ఉన్నాను. దాన్ని కూడా పులిమేస్తే రెండోసారి రాసినట్టే. నా వల్ల కాలేదు. కింది గదిలో ఆ ఫైలు ఎవరు తెరిచినా, నన్ను పెంచిన మనిషి ఉందని చదువుకోవాలి అనుకున్నాను. అది నీకు నలుగురిలో తలవంపులు తెస్తుందని ఆ క్షణాన తట్టలేదు. అది నా తప్పే. దానికి మాత్రం క్షమించు.

పెన్సిలు

*

ఇంటి నుంచి, ఆదివారం
అక్టోబరు 4

పెన్సిలూ,

సెప్టెంబరు 27న నువ్వు రాసిన లేఖ అందినది. నీ పాత పెట్టెలో, సబ్బుల పక్కన చేర్చడమైనది. మీ బావ అడిగితే కూడా చదవనివ్వలేదు.

ప్యాకింగ్ షెడ్డులో ఎత్తు పీట ఒకటి సంపాదించాను, కూర్చునే పని చేస్తున్నాను. మూడో లైను నిన్న మొదలైంది. మొదటి ప్యానెల్ నా దగ్గరకే వచ్చింది, అట్ట తొడిగే ముందు ఎడమ అంచు చూశాను. బుడగల్లేవు.

ఈసారి సెలవు దొరికితే వచ్చేయి. పింఛను కోసం ఫ్యాక్టరీలో కొత్త ఫారాలిచ్చారు, నాకు నింపడం చేతకావడం లేదు. అందులో దగ్గరి బంధువులు అన్న గడి ఉంది. అది నువ్వొచ్చి నీ చేత్తో నింపు.

అక్క